చంకాకు

చెట్టు చిటారుకొమ్మన, ఎండ నేరుగా తగిలే చోట ఉండే ఆకును మా ఆఫీసులో నెత్తాకు అంటాం. కింద కొమ్మల సందుల్లో, నీడలో బతికే ఆకు చంకాకు. పుస్తకాల్లో వీటికి మర్యాదైన పేర్లేవో ఉన్నాయి, పెద్దసారు మీటింగుల్లో అవే వాడతాడు. అడవిలోకి వెళ్ళాక మాత్రం ఆయన కూడా "నెత్తాకు దొరికిందా?" అనే అడుగుతాడు. ఈ రెండు మాటలూ పుట్టించింది ఒకే మనిషి. మొదటి మాటతో ఆమెకు నెత్తక్క అని పేరొచ్చింది. రెండో మాటతో ఆ పేరు పోయింది.

నేను ఆ ఆఫీసు జీపు నడుపుతాను. డ్రైవరు ముందు జనం ఏదైనా మాట్లాడేస్తారు, స్టీరింగు పట్టుకున్నవాడికి చెవులుండవని వాళ్ళ ధీమా. అందుకే ఈ సంగతి నాకు తెలిసినంత వివరంగా ఇంకొకరికి తెలియదు. ఇందులో మంచివాళ్ళెవరూ లేరు. మంచివాళ్ళ కథే కావాలనుకునేవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు.

ముందు మా పనేమిటో చెప్పాలి. ఏటా చెట్లకు ఆకు నిండుగా వచ్చాక, ఒక చిన్న విమానం అడవి మీద పొలం దున్నినట్టు చాళ్ళు చాళ్ళుగా తిరుగుతుంది. దాని పొట్టలో రెండు పరికరాలుంటాయి. ఒకటి కెమెరా. ఆకుల మీద పడి తిరిగొచ్చే వెలుతురును, మన కంటికి ఆనని రంగులతో సహా, అది విడదీసి పట్టుకుంటుంది. దాన్నిబట్టి ఆకులో పత్రహరితం ఎంత ఉందో లెక్కకడతారు. పత్రహరితం తగ్గుతోందంటే అడవికి ఒంట్లో బాగోలేదన్నమాట. రెండోది లేజరు. సన్నటి వెలుతురును కిందికి వదిలి, అది దేనికి తగిలి ఎంత త్వరగా తిరిగొచ్చిందో చూసి, చెట్ల ఎత్తు, కొమ్మల అమరిక, ఆకు దట్టం అన్నీ చుక్కలుగా పెడుతుంది. లెక్కలేనన్ని చుక్కలు కలిస్తే కంప్యూటర్లో చెట్టు నిలబడుతుంది. దాన్ని కేకులా నిలువుగా కోసి, లోపల ఏముందో కూడా చూడొచ్చు.

అయితే విమానం చెప్పింది నిజమా కాదా అన్నది ఎలా తేలుతుంది? అదే పూట, అదే ఎండలో, ఎంచిన చెట్ల నెత్తిమీంచి ఎవరో ఒకరు ఆకు కోసి తేవాలి. పైనుంచి చూసే విమానానికి కనబడేది నెత్తాకే కాబట్టి మనమూ నెత్తాకే తేవాలి. దాన్ని గదిలో నూరి, అందులో పత్రహరితం ఎంతుందో చూసి, విమానం లెక్కతో పోలుస్తారు. రెండూ కలిస్తే అడవి మొత్తానికీ ఆ లెక్క నమ్మొచ్చు. కలవలేదంటే తప్పు ఎవరి మీదికి నెట్టాలా అని వెతుకుతారు.

ఆ ఆకు కోసి తెచ్చేది నెత్తక్క.

అంతకుముందు ఆమె వీధిచెట్ల కొమ్మలు కరెంటు తీగలకు తగలకుండా నరికే ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేసేది. ఆమె పైనుంటే తాడు పట్టుకుని కింద నిలబడే మనిషినే పెళ్ళిచేసుకుంది. ఆమెను అక్కా అంటాను కాబట్టి ఆయన నాకు బావ. నవ్వించే మనిషి, మెత్తటివాడు, ఆమెతోపాటే మా ఆఫీసుకొచ్చి ఇక్కడా ఆమె తాడే పట్టుకున్నాడు. కొత్తకోడలిని చూసి అత్తగారు "చెట్లుచేమలు పట్టుకు తిరిగే కోతిని తెచ్చావేరా" అందట. నెత్తక్క ఊరుకునే రకమా? "కోతి వండిపెడితే తింటున్నారుగా అత్తయ్యా, రుచి బాగానే ఉందా?" అంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె మాటకు ఎదురు లేదు.

చెట్టెక్కడంలో ఆమెకు సాటి వచ్చేవాళ్ళు ఎవరూ ఉండేవాళ్ళు కాదు, ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. తాడు వేసి, నడుముకు పట్టీ బిగించి, జేబులో కత్తెర పెట్టుకుని ఎక్కడం మొదలుపెడితే, మనం ఇంకా తలెత్తేలోపు ఆకుల్లో కలిసిపోయేది. కాసేపటికి వైర్‌లెస్‌లో గొంతు వినబడేది. "పైకొచ్చేశా. కింద మీరంతా చీమల్లా ఉన్నారు. చీమలకైనా పనుంటుంది." ఇలా ఉండేవి ఆమె మాటలు. కళ్ళు నెత్తికెక్కాయని వెనకాల అందరూ అనుకునేవాళ్ళు. ముందర అనడానికి ఎవరికీ గుండె చాలేది కాదు.

ఒకసారి కొత్తగా ఒకతన్ని ఆమెకు సాయంగా పెట్టారు. సగం చెట్టెక్కేసరికి అతనికి కళ్ళు తిరిగాయి. కాండాన్ని కావలించుకుని బిగుసుకుపోయాడు. మనిషన్నవాడు జాలిపడతాడు. నెత్తక్క వైర్‌లెస్ అందుకుని, అడవిలో ఉన్న జట్లన్నిటికీ వినబడేలా, "కొత్త పెళ్ళికొడుకు పెళ్ళాన్ని వదలడం లేదు, ఎవరన్నా వచ్చి విడదీయండి" అంది. అందరూ పళ్ళికిలించారు, నేనూ ఇకిలించాను. ఆ రోజు నుంచి అతన్ని పెళ్ళికొడుకనే పిలిచారు. కొన్నాళ్ళు భరించి, ఏదో గిడ్డంగిలో కాపలా పని చూసుకుని వెళ్ళిపోయాడు. "పోనీలే, గిడ్డంగికి కొమ్మలుండవు" అంది నెత్తక్క.

వాళ్ళకు ఒక్కతే కూతురు. బళ్ళో దాన్ని కోతిపిల్ల అని ఏడిపించేవాళ్ళు. ఏడుస్తూ ఇంటికొస్తే తల్లి బుజ్జగించేది కాదు. "కోతిపిల్లవైతే ఎక్కి చూపించు. ఎక్కలేవు కదా, మరి దేనికి ఏడుపు?" అనేది. ఆ అమ్మాయి నిజంగానే ఎక్కలేదు. నిచ్చెన మీద రెండో మెట్టు దాటితే వణికేది. లెక్కలు మాత్రం బ్రహ్మాండంగా చేసేది. పెద్ద చదువు చదివి, పరీక్ష రాసి, ఎవరి సిఫార్సూ లేకుండా మా ఆఫీసులోనే విమానం చిత్రాలు చూసే గదిలో ఉద్యోగం తెచ్చుకుంది. వెలుతురును పత్రహరితంగా మార్చే లెక్క, మేమంతా సూత్రం అంటాం, దాన్ని తయారుచేసే బాధ్యత ఆమెది.

కూతురు పక్కగదిలోకి వచ్చిందని నెత్తక్క సంబరపడిందనే అనుకుంటాను. కానీ ఆమె సంబరం కూడా గుచ్చుకునేలా ఉండేది. మధ్యాహ్నం క్యాంటీన్లో అందరి ముందూ, "నేను చేత్తో పట్టుకునే అడవిని ఇది గాజుపలకలో చూసి నాకే చెబుతుంది" అనేది. అమ్మాయి పళ్ళెంలోంచి తలెత్తేది కాదు.

ఆ మొదటి ఏడు అమ్మాయి సూత్రం చెప్పిన లెక్కకూ, నెత్తక్క తెచ్చిన ఆకుకూ కొంచెం తేడా వచ్చింది. కొత్త కదా, వచ్చే ఏటికి సరిదిద్దుకో అన్నాడు పెద్దసారు. అంతటితో పోయింది.

రెండో ఏడు విమానం రావడానికి కొద్దిరోజుల ముందు, చెట్లు ఎంచడానికి వెళ్ళినప్పుడు, నెత్తక్క కాలుపెట్టిన కొమ్మ విరిగింది. పైకి పచ్చగానే ఉంది, లోపల పుచ్చిపోయిందని తర్వాత తెలిసింది. బావ తాడు బిగపట్టబట్టి ఆమె గాలిలో వేలాడి ఆగింది. ఒంటిమీద గీత కూడా పడలేదు. కిందికి దిగి, నీళ్ళు తాగి, "విరిగితే విరిగింది, దాని ఖర్మ" అని నవ్వేసింది. జీపులో వస్తూ దారంతా జోకులు వేసింది. నేను నిజమే అనుకున్నాను.

విమానం వచ్చిన రోజు చెట్టెక్కినప్పుడు ఆమెకు తెలిసింది అసలు సంగతి. కాండం సన్నబడి గాలికి ఊగడం మొదలయ్యే చోటొకటి ఉంటుంది ప్రతి చెట్టుకూ, ఇంచుమించు సగంలో. అక్కడికి వచ్చేసరికి ఆమె చేతులు ఆమె మాట వినలేదు. ఎంత తిట్టుకున్నా, పళ్ళు బిగించినా, పైకొమ్మను పట్టుకోవడానికి చెయ్యి లేవలేదు. కింద బావ చేతిలో తాడు ఆగిపోయింది. ఏమైందని వైర్‌లెస్‌లో అడిగాడు. "తాడు చిక్కుపడింది, ఉండు" అంది. పైన విమానం చప్పుడు దగ్గరవుతోంది. ఎండ ఎక్కువసేపు ఉండదు. ఆమె చేతికందిన కొమ్మలోంచే ఆకు కోసి, కవర్లో వేసి, దానిమీద నెత్తి అని రాసింది.

తాడు ఎంత పోయిందో పట్టుకున్నవాడికి తెలియకుండా ఉండదు. బావకు తెలుసు. ఆ రోజు నోరు మెదపలేదు, ఆ తర్వాతా మెదపలేదు. చాలా కాలానికి, అంతా అయిపోయాక, జీపులో నా పక్కన కూర్చుని చెప్పాడు. "తాడుతో పాటు దాని పరువు కూడా నా చేతిలోనే ఉంది తమ్ముడూ. వదలమంటావా?" అన్నాడు.

ఆమె ఊరికే చంకాకు కోసుకొచ్చిందనుకోకండి. అలా చేస్తే నూరే గదిలో మొదటి పూటే దొరికిపోయేది. నెత్తాకు చిన్నగా, మందంగా, కాస్త పాలిపోయి ఉంటుంది. చంకాకు వెడల్పుగా, పల్చగా, ముదురు పచ్చగా ఉంటుంది. అందుకని ఆమె సగం ఎత్తులో ఉన్నవాటిలోనే చిన్నవీ, మందమైనవీ ఏరి ఏరి తెచ్చేది. అన్నేళ్ళ అనుభవమంతా ఆ మోసానికి వాడింది. కంటికి ఎవరూ పట్టుకోలేకపోయారు. కానీ నూరాక ఆకు ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది. నీడాకు ఎంత ఏరినా నీడాకే, గ్రాముకు పత్రహరితం ఎక్కువ. విమానమేమో పైనున్న పాలిపోయిన ఆకుల్ని చూసి తక్కువని చెబుతోంది.

రెండో ఏడు తేడా పెద్దదైంది. మూడో ఏడు ఇంకా పెద్దదైంది. ఆకు నెత్తక్క చేతిమీదుగా వచ్చింది, ఆమెను అనుమానించేవాడెవడు? తప్పంతా సూత్రానిదే అన్నారు. పెద్దసారు అమ్మాయిని తన గదిలోకి పిలిచి, తలుపు తీసిపెట్టి మరీ తిట్టాడు. విమానాన్ని అద్దెకు తెప్పించేది ఇందుకేనా అన్నాడు, మీ అమ్మను చూసి నేర్చుకో అన్నాడు. నాలుగో ఏడు కూడా కలవకపోతే కుర్చీ ఖాళీ చెయ్యాల్సి ఉంటుందని చివరికి చెప్పాడు. బల్లల దగ్గరున్నవాళ్ళంతా విన్నారు. నెత్తక్క కూడా అప్పుడే తాళ్ళు అప్పగించడానికొచ్చి వరండాలో నిలబడి ఉంది. విని, తాళ్ళు అప్పగించి, సంతకం చేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం వాళ్ళని ఇంటి దగ్గర దింపితే, బావ భోంచేసి వెళ్ళమని పట్టుబట్టాడు. ఇరుకైన వంటగది, గోడకు ఆనించిన బల్ల. అమ్మాయి ముందు పెట్టుకున్నది తినకుండా కెలుకుతోంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ప్రతి మెట్టూ మళ్ళీ మళ్ళీ చూశాననీ, సూత్రంలో తప్పు దొరకడం లేదనీ, తనకు పిచ్చెక్కుతోందనీ తండ్రితో చెప్పుకుంటోంది. బావ నీళ్ళు నములుతున్నాడు. ఆయన భార్య వైపు చూసిన చూపు నాకప్పుడు అర్థం కాలేదు. ఒక్క మాట చెబితే ఆ పిల్ల ఏడుపు ఆగిపోయేది. ఆ మాట తెలిసిన మనిషి ఎదురుగానే కూర్చుని ఉంది.

నెత్తక్క గిన్నె తీసి పక్కన పెట్టి అంది. "అంత చదివించాం. ఒక్క లెక్క సరిగ్గా చెయ్యడం రాదా? చెయ్యలేకపోతే చెయ్యలేనని ఒప్పుకో. ఆకుదేం తప్పు?"

అమ్మాయి ఏడుపు ఆపేసింది. తల్లి మొహంలోకి కాసేపు చూసింది, లేచి చెయ్యి కడుక్కుంది. తెలిసి తెలిసి కన్నకూతురిని అలా పొడిచిన తల్లిని నేను ఇంకోచోట చూడలేదు. పడిపోతానేమోనన్న భయం కన్నా, పడిపోయానని నలుగురూ అనుకుంటారేమోనన్న భయం మనిషిని ఎంతకైనా తెగించేలా చేస్తుంది. నెత్తక్క ఏళ్ళ తరబడి అందరినీ చీమలన్నది. ఇప్పుడు తనే కిందికి దిగాలంటే ఆమె వల్ల కాలేదు.

నాలుగో ఏడు విమానం వచ్చి వెళ్ళింది, లెక్క మళ్ళీ కలవలేదు. అమ్మాయికి అదే ఆఖరి అవకాశం. సూత్రంలో తప్పు దొరక్క, ఈసారి లేజరు చుక్కల మీద పడింది. ఆకు దట్టం వల్ల నీడలు పడి లెక్క తప్పుతోందేమోనని, నెత్తక్క ఎక్కిన చెట్లను ఒక్కొక్కటీ తీసి నిలువుగా కోసి చూడసాగింది. ఒక చెట్టులో, సగం ఎత్తులో, కాండానికి ఆనుకుని, ఆకూ కొమ్మా కాని ముద్ద ఒకటి కనబడింది. విమానం ముందు చాలులో వెళ్ళినప్పుడు అక్కడేమీ లేదు. పక్క చాలులో తిరిగొచ్చినప్పుడు ఉంది. ఇంకో చెట్టు కోసింది. సగంలో ముద్ద. మరో చెట్టు. సగంలోనే. మనిషంత ముద్ద, కాండాన్ని కావలించుకున్నట్టు.

తర్వాత వెనకటి ఏళ్ళవి తీసింది. మూడో ఏడూ సగంలోనే, రెండో ఏడూ సగంలోనే. మొదటి ఏడు, కొమ్మ విరగకముందు, ఆ ముద్ద అన్ని చెట్లలోనూ చిట్టచివరన ఉంది. చెట్టు గొడుగు మీద, ఇంకో ఆకు కూడా అడ్డంలేని చోట.

ఆ రాత్రే ఇంట్లో బల్లమీద కంప్యూటరు తెరిచి తల్లికి చూపించింది. ఇదంతా బావ చెప్పిందే. ముందు సగంలో ఉన్న ముద్దలు చూపిస్తే నెత్తక్క బుకాయించనూ లేదు, ఏడవనూ లేదట. ఆ తర్వాత మొదటి ఏటి చెట్టు చూపించింది. నెత్తక్క ముందుకు వంగి, ఆ చివరనున్న చుక్కల గుంపు మీద వేలు పెట్టి, "ఇది నేనేనా?" అందట. "ఎంత పైనున్నానో చూశావా" అని మొగుడితో అందట. దొరికిపోయిన మనిషి ముఖంలో అంత వెలుగు చూస్తాననుకోలేదన్నాడు బావ.

"నీకు తెలుసు కదమ్మా, ఆయన నన్ను తిడుతున్నది నీ ఆకుల వల్లేనని?" అని అడిగింది అమ్మాయి.

"తెలుసు."

"మొదటి నుంచీ?"

"ఆ."

అమ్మాయి కంప్యూటరు మూసేసింది. అప్పుడు నెత్తక్క తన జీవితంలో మొదటిసారి కూతుర్ని బతిమాలింది. "చెప్పెయ్యి, చెప్పొద్దనను. సగంలోవి సగంలోవే. నన్ను తిట్టించు, పనిలోంచి తీయించు. కానీ ముందువి నెత్తివే అని కూడా చెప్పు. ఆ ఒక్కటీ చెప్పవే." అమ్మాయి చూద్దామంది.

ఆ వారంలోనే మీటింగు. పొడుగాటి గది, గోడకు తెర, అందరికీ టీ. నేను ప్రొజెక్టరు పెట్టె మోసుకొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. అమ్మాయి చెట్లను తెరమీద ఒక్కొక్కటే కోసి చూపించింది. సగంలో ముద్ద వచ్చినప్పుడల్లా దాన్ని ఎర్రరంగు చేసింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, వెనక వరసలోంచి ఎవడో "పెళ్ళికొడుకు తిరిగొచ్చాడ్రా" అన్నాడు. గది ఘొల్లుమంది. ఏళ్ళ తరబడి చీమలైనవాళ్ళంతా చంకలు గుద్దుకున్నారు. అప్పుడే ఇంకొకడు చంకక్క అన్నాడు, అది అంటుకుపోయింది. నెత్తక్క గోడవారన కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని తెరవైపే చూస్తోంది, ఇంకేదో వస్తుందని ఎదురుచూస్తున్నట్టు.

అది రాలేదు. మొదటి ఏటి చెట్టు అమ్మాయి చూపించలేదు.

పెద్దసారు కళ్ళజోడు తుడుచుకుని, అమ్మాయి సూత్రం ఇన్నాళ్ళూ సరిగ్గానే ఉందన్నమాట అని మెచ్చుకున్నాడు. తను తిట్టిన తిట్లు ఆయనకు గుర్తున్నట్టు లేదు. తర్వాత అసలు ప్రశ్న అడిగాడు. నూరగా మిగిలి ఆఫీసు గిడ్డంగిలో దాచిన ఆకుల్లో ఏవి ఉంచాలి, ఏవి పారెయ్యాలి? ఎప్పటి నుంచి ఇలా జరుగుతోంది?

"చెప్పలేం సార్" అంది అమ్మాయి. "అన్నీ తీసెయ్యడమే మంచిది."

నాకు ఎందుకలా అందో అప్పుడు తెలియలేదు, తర్వాత బావే విడమరిచాడు. మొదటి ఏటి ఆకు నిఖార్సైన నెత్తాకు. ఆ ఏడు తేడా వచ్చిందంటే తప్పు నిజంగా సూత్రానిదే. ఆ ఆకులు ఉన్నంతకాలం ఆ తప్పూ ఉంటుంది. అన్నీ పారేస్తే, మొదటినుంచీ తప్పంతా తల్లిదే అవుతుంది, కూతురు కడిగిన ముత్యంలా మిగులుతుంది.

నెత్తక్క లేచి నిలబడింది. "మొదటి ఏటివి నెత్తివే సార్. అమ్మాయికి తెలుసు. చూపించమనండి" అంది. ఆమె గొంతు అంత చిన్నగా పలకడం నేను అంతకుముందెప్పుడూ వినలేదు.

పెద్దసారు అమ్మాయి వైపు చూశాడు. అమ్మాయి తల్లి వైపు చూడకుండా, "ఇప్పుడు ఆవిడ మాట మీద ఆధారపడటం కష్టం సార్" అంది. పెద్దసారు బావనడిగాడు, తాడు పట్టుకున్నది నువ్వే కదా అని. బావ లేచి, అవును సార్, మొదటి ఏడు పైకే వెళ్ళింది అన్నాడు. మరి మిగతా ఏళ్ళు కూడా పైకే వెళ్ళిందని నువ్వే సంతకాలు పెట్టావు కదా అన్నాడు పెద్దసారు. బావ కూర్చున్నాడు. పాత గొడవలు తవ్వుకోవడం పెద్దసారుకూ ఇష్టం లేదు. అన్నీ పారెయ్యమన్నాడు. టీ చల్లారిందని ఇంకోసారి తెప్పించాడు.

ఆకుల కవర్లు పారేసే పని నామీద పడింది. గిడ్డంగిలో అరలనిండా అట్టపెట్టెలు, వాటిలో ఎండి కరకరలాడే ఆకులు. నెత్తక్క సాయం చేస్తానని వచ్చింది. జీపు వెనక పెట్టెలన్నీ తనే సర్దింది. మొదటి ఏటి పెట్టె వచ్చినప్పుడు ఆగి, ఒక కవరు తెరిచి, ఆకును వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసింది. చిన్నది, మందమైనది, అంచుల్లో కాస్త కమిలింది. "చూడరా తమ్ముడూ, ఇది చంకాకా?" అంది. కాదక్కా అన్నాను. మళ్ళీ కవర్లో పెట్టి, కవరు పెట్టెలో పెట్టి, పెట్టెను జీపులోకి తోసింది. వెనక దొడ్లోని గుంతలో పోసి నిప్పు పెట్టాం. ఎండాకు కదా, ఎక్కువసేపు పట్టలేదు.

పనిలోంచి ఆమెను తీసెయ్యలేదు. తీసేసి ఉంటే బాగుండేది. సగం ఎత్తు ఆకు మీద కూడా ఏదో పరిశోధన ఉంది కాబట్టి, ఇకనుంచి ఆమె సగం దాకే ఎక్కాలన్నారు. చెట్టు నెత్తికి ఎక్కడానికి వేరే మనుషుల్ని తెచ్చారు. వాళ్ళు పైకి వెళ్తూ, సగంలో ఆగిన ఆమెను దాటేటప్పుడు, కాస్త జరుగు చంకక్కా అంటారు. ఆమె జరుగుతుంది.

ఆకులు కాల్చిన రోజే, గుంతలో బూడిద చల్లారాక నెత్తక్క చేతులు కడుక్కుని చిత్రాల గదికి వెళ్ళింది. గిడ్డంగి తాళాలు ఇవ్వాలి కాబట్టి నేనూ వెనకే వెళ్ళాను. అమ్మాయి ఒక్కతే ఉంది. కొత్త కుర్చీ, కిటికీ పక్క చోటు. పని పూర్తయిందా అని నన్నడిగింది. పూర్తయిందన్నాను.

నెత్తక్క బల్ల పక్కన నిలబడింది. కూతుర్ని తిట్టలేదు, ఏ నిష్ఠూరమూ ఆడలేదు. "ఆకులు పోతే పోయాయిలే. ఆ మొదటి చెట్టొక్కసారి చూపించవే. నేను పైనున్నది. ఒక్కసారి చూసి పోతాను" అంది.

అమ్మాయి మౌస్ జరిపి ఆ చెట్టు తెరిచింది. తెర మీద చెట్టు నిలబడింది. గొడుగంతా ఆకుపచ్చ చుక్కలు, నున్నగా, ఎక్కడా ఏమీ లేదు. నెత్తక్క తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగి వెతికింది.

"ఏదే నేను?"

"భద్రపరిచే ముందు చెట్టు కానివన్నీ తీసెయ్యాలమ్మా. పిట్టలు, తీగలు, అట్లాంటివి" అంది అమ్మాయి. "తీసేశాను."

"తిరిగి రాదా?"

"రాదు."

నెత్తక్క ఇంకా తెరవైపే చూస్తూ, "మరి సగంలో ఉన్నదో?" అని అడిగింది.

"అది ఉంచాను. రిపోర్టులో వెయ్యాలిగా."

నెత్తక్క తలూపింది. చెట్టు బాగా వచ్చిందంది. నేను తాళాలు బల్లమీద పెట్టాను, ఆమె నాకంటే ముందే బయటికి నడిచింది.